'మాక్' పక్కన 'ఎట్' పెట్టాలా, వద్దా?

ప్రశ్న, అనంతపురం:
డీఎస్సీకి చదువుతున్నాను. 'దే మాక్ట్ ఎట్ మి' తప్పంట, 'దే లాఫ్ట్ ఎట్ మి' ఒప్పంట. రెండూ ఎగతాళే కదా సార్, ఈ తేడా ఎందుకు?

జవాబు, కడప:
తమ్ముడూ, తెలుగులో అనుకొని చూడు. 'నన్ను వెక్కిరించారు' అంటాం, కానీ 'నన్ను చూసి నవ్వారు' అంటాం. ఆ 'చూసి' చేసే పనే ఇంగ్లిష్‌లో 'ఎట్' చేస్తుంది. మాక్, రిడిక్యూల్, డిరైడ్, టాంట్ వెక్కిరించే జాతి, వీటికి 'ఎట్' వద్దు. లాఫ్, స్నీర్, స్కాఫ్ నవ్వే జాతి. ఎవరిని చూసి, దేన్ని చూసి అని చెప్పాలంటే 'ఎట్' ఉండాల్సిందే. జీర్ రెండు రకాలుగానూ నడుస్తుంది.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది కర్మణి వాక్యంలో. 'హిజ్ ప్లాన్ వజ్ స్కాఫ్ట్ ఎట్' అని చివర్లో 'ఎట్' మిగలాలి. అది వేలాడుతున్నట్టుందని కొట్టేస్తే అర్థమే మారిపోతుంది. బ్రిటిష్ వాడుకలో 'ఎట్' లేని స్కాఫ్ అంటే గబగబా మింగేయడం. 'హి స్కాఫ్ట్ ది దోసె' అంటే దోసె లాగించేశాడని!

జవాబు, కర్నూలు:
ఒక చిన్న సవరణ. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో, సామెతల గ్రంథం 30:17లో, మాక్ పక్కన 'ఎట్' ఉంది. కాబట్టి అది పుట్టు తప్పు కాదు, పాతబడిన వాడుక. పరీక్షలో మాత్రం తీసేసే రాయండి. పలికేటప్పుడు 'మాకెడ్' అనకండి, 'మాక్ట్' అనాలి.

ప్రశ్న, అనంతపురం:
అర్థంలో తేడా ఉందా అన్నా? ఏది ఎక్కడ వాడాలి?

జవాబు, కడప:
ఉంది. మాక్‌లో తరచూ అనుకరణ ఉంటుంది, మాటనో నడకనో చేసి చూపించడం. 'మాక్ టెస్ట్'లోనూ ఆ నకలు అర్థమే ఉంది. స్కాఫ్ సాధారణంగా మాటనో ఆలోచననో కొట్టిపారేయడం: వేరుశనగ మాని ఖర్జూరం పెడతానంటే 'ఆఁ, కాసినట్టే!' అనడం. స్నీర్‌కు మొహం కావాలి, పెదవి విరుపు. జీర్ గుంపు పని, అరుపులుంటాయి. టాంట్ మన దెప్పిపొడవడానికి దగ్గర, ఎదుటివాడు రెచ్చిపోవాలనే అంటారు. అందుకే యాసను అనుకరించి నవ్వితే 'దే మాక్ట్ హిజ్ యాక్సెంట్', పరీక్ష తప్పావని పదేపదే పొడిస్తే 'దే టాంటెడ్ హిమ్ అబౌట్ హిజ్ ఫెయిల్యూర్'. టాంట్ పక్కన మనిషి రావాలి, విషయం 'అబౌట్' తర్వాత రావాలి. 'దే టాంటెడ్ హిజ్ ఫెయిల్యూర్' అని రాయొద్దు.