తిబేరియస్ వెండి దినారియస్: లుగ్దునుంలో ముద్రించిందా, రోములోనా?

కృష్ణాతీరం:
నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయటపడిన రోమన్ వెండి నాణేల నిధి గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. 1,500కు పైగా దినారియస్‌లు ఒక్కచోటే దొరికాయి. మన దేశంలో దొరికే తొలి శతాబ్దపు రోమన్ వెండిలో ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకటి తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్‌ది: వెనకవైపు ఆయన మనవలు గాయస్, లూషియస్ డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు. రెండోది ఆయన తరవాతి చక్రవర్తి తిబేరియస్‌ది: వెనకవైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ, చుట్టూ 'పొంటిఫ్ మాక్సిమ్' (ప్రధాన పూజారి అనే బిరుదు) అన్న అక్షరాలు. ఈమధ్య ఒక ప్రదర్శనలో తిబేరియస్ నాణెం పక్కన 'రోము టంకశాల' అని రాసి ఉంది. నాకు చాలా బాధ కలిగింది. ప్రామాణిక పట్టికలన్నీ దీన్ని లుగ్దునుం, అంటే నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిందిగా చూపుతాయి. రోమన్ నాణెం కాబట్టి రోములోనే తయారై ఉంటుందనుకోవడం ఎంతవరకు న్యాయం?

తూకంరాయి:
పలక తప్పే, ఒప్పుకుంటాను. అయితే దాని స్థానంలో 'లుగ్దునుం' అని మరో పలక పెడితే తప్పు సరిదిద్దినట్టేనా అన్నది నా సందేహం. నాలుగో శతాబ్దపు కంచు నాణెం అడుగున 'పీఎల్‌జీ' అని ఉంటే అది లుగ్దునుంది, 'ఎస్ఎంఏఎన్' అని ఉంటే ఆంటియోక్‌ది. అక్కడ టంకశాలే తన పేరు చెప్పుకుంటుంది. తిబేరియస్ దినారియస్ మీద అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. సంవత్సరమూ లేదు. ఇరవై ఏళ్లకు పైగా అదే బొమ్మ, అవే అక్షరాలు. కాబట్టి మనం చెప్పేదంతా ఊహే. దాన్ని ఊహగానే రాయాలి.

శాసనప్రియ:
ఉత్త ఊహ అనడం అన్యాయం తూకంరాయి గారూ. నాణెం మీద గుర్తు లేకపోయినా రాతి మీద ఉంది. లియోన్‌లో దొరికిన ఒక సమాధి శాసనం నోబిలిస్ అనే అతనిది. అతను తిబేరియస్ సీజర్ బానిస, టంకశాలలో నాణేల తూకం సరిచూసే ఉద్యోగి. ఆ ఊళ్లో, ఆ చక్రవర్తి కాలంలో, ఆ పనే చేసిన మనిషి! ఇంతకంటే సూటి సాక్ష్యం రోమన్ టంకశాలల చరిత్రలో తరచుగా దొరకదు. 'టంకశాల కాపలా' అనే బిరుదుతో లుగ్దునుం పదిహేడో దళం సైనికుడి శాసనం కూడా ఉంది. క్రీ.శ. 21లో గాల్ (నేటి ఫ్రాన్సు) ప్రాంతంలో తిరుగుబాటు చెలరేగినప్పుడు లుగ్దునుంలో కాపలా ఉన్న దళాన్ని పంపారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇక స్ట్రాబో తన భూగోళ గ్రంథం నాలుగో భాగంలో, రోమన్ పాలకులు అక్కడ వెండి, బంగారు నాణేలు ముద్రిస్తారని స్పష్టంగా చెప్పాడు. ఆయన ఆ గ్రంథం ముగించింది తిబేరియస్ కాలంలోనే.

తూకంరాయి:
లుగ్దునుంలో టంకశాల లేదని నేను అనలేదు. ఆ టంకశాల ఉండటం ఒక సంగతి, ఈ రకం దినారియస్‌లన్నీ అందులోనే తయారయ్యాయనడం ఇంకో సంగతి. రోములో కూడా అదే కాలంలో కంచు, ఇత్తడి నాణేలు ముద్రించారు. అక్కడ కొలిమి ఉంది, పనివాళ్లు ఉన్నారు. వెండి ఒక్కటే అక్కడ ముద్రించలేదని ఏ శాసనమూ చెప్పదు. స్ట్రాబో ఆ మాటను అగస్టస్ కాలపు సమాచారం నుంచి తీసుకుని ఉండవచ్చు కూడా.

పాతనాణెం:
నాణేలు ఎక్కడ ఎక్కువగా దొరికితే అక్కడికి దగ్గరలోనే తయారయ్యాయనుకోవచ్చు కదా? గాల్‌లో, రైన్ నది వెంట ఉన్న సైనిక శిబిరాల్లో ఇవి విరివిగా దొరుకుతాయని చదివాను.

కృష్ణాతీరం:
ఆ లెక్కన టంకశాల నల్గొండలోనే ఉండి ఉండాలి! వెండి నిలిచేది కాదు పాతనాణెం గారూ. జీతంగా సైనికుడి చేతికి వెళ్తుంది, అక్కడి నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి ఎర్ర సముద్రం మీదుగా మన తీరానికి. దొరికిన చోటు చూసి వెండి పుట్టిన చోటు చెప్పలేం. కంచుకు మాత్రం మీ వాదన బాగా పనికొస్తుంది. నీరో కంచు నాణేలే తీసుకోండి. కొన్నింటిలో చక్రవర్తి మెడ చివర చిన్న గోళం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గోళం ఉన్నవి లుగ్దునుంవని అందరూ ఒప్పుకుంటారు. కారణం, అవి పశ్చిమ ప్రాంతాల్లో గుంపులుగా దొరుకుతాయి. చిల్లర దూరం పోదు కాబట్టి అక్కడ గోళమూ, దొరికిన చోటూ ఒకదానికొకటి సాక్ష్యం. దినారియస్‌కు ఆ రెండో సాక్ష్యం లేదు.

శాసనప్రియ:
చాలా మంచి మాట. కానీ దినారియస్‌కు లోపలి సాక్ష్యం ఉంది. ఆ స్త్రీ కూర్చున్న కుర్చీని చూడండి. కొన్నింటిలో కాళ్లు సాదాగా ఉంటాయి, కొన్నింటిలో నగిషీతో. కింద గీత ఒక్కటే ఉన్నవీ ఉన్నాయి, రెండు ఉన్నవీ ఉన్నాయి. వీటిని వరుసగా పేర్చితే ఒక రకం మరో రకంలోకి మెల్లగా మారుతుంది. మధ్యలో ఎక్కడా తెగదు. రెండు ఊళ్లలో రెండు బృందాలు చెక్కి ఉంటే ఎక్కడో ఒకచోట స్పష్టమైన చీలిక కనిపించాలి. అదే బొమ్మతో వచ్చిన బంగారు ఆరియస్‌లదీ ఇదే శైలి. ఒకే చోట కూర్చున్న చెక్కడపు పనివాళ్లు, ఒకరి తరవాత ఒకరు. నాకైతే అదే కనిపిస్తుంది.

తూకంరాయి:
చెక్కినవాళ్లు ఒక చోట ఉండి, అచ్చులు మరో చోటికి పంపితే? అచ్చు బరువైన వస్తువేమీ కాదు. శైలి చూస్తే చెయ్యి తెలుస్తుంది, సుత్తి దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు. అసలు ఇబ్బంది తిబేరియస్ తరవాతి చక్రవర్తి కలిగూలా దగ్గర మొదలవుతుంది. ఆయన నాణేల్లో తల మీద ఆకుల మాల లేనివి లుగ్దునుంవి, మాల ఉన్నవి రోమువి అని పాతకాలం నుంచి చెబుతున్నారు. టంకశాల ఆయన కాలంలో రోముకు మారిందని ఒక వర్గం. అదేమీ లేదు, క్రీ.శ. 64 నాటి నీరో సంస్కరణ వరకు వెండి, బంగారు నాణేలు లుగ్దునుంలోనే ముద్రించారని ఇంకో వర్గం. ఇద్దరూ ఆధారపడేది అదే శైలి మీద! లోహ పరీక్ష తేల్చేస్తుందనీ కొందరంటారు. పాత నాణేలు కరిగించి కొత్తవి పోసిన కాలంలో లోహం గని గురించి కొంత చెబుతుందేమో గానీ, కొట్టిన ఊరి గురించి చెప్పదు.

పాతనాణెం:
అయితే పలక మీద ఏం రాయాలి? చూసే పిల్లలకు ఏదో ఒకటి చెప్పాలి కదా.

కృష్ణాతీరం:
తిబేరియస్‌కైతే 'లుగ్దునుం (లియోన్) టంకశాలదని భావిస్తున్నారు' అని రాయాలి, పక్కనే నోబిలిస్ గురించి రెండు వాక్యాలు ఉండాలి. పేరు తెలియని ఎందరో చేతుల మధ్య ఒక్క పేరు మిగిలింది. అది మన పిల్లలకు చేరాలి. 'రోము' అని మాత్రం రాయకూడదు. ఇందులో నేను వెనక్కి తగ్గను.

తూకంరాయి:
'భావిస్తున్నారు' అన్న మాట ఉంటే నాకు అభ్యంతరం లేదు. కలిగూలా, ఆయన తరవాతి చక్రవర్తి క్లాడియస్ నాణేలకు మాత్రం రెండు ఊళ్ల పేర్లూ రాసి ప్రశ్నార్థకం పెట్టండి. శాసనప్రియ గారూ, మీ దగ్గర కుర్చీ కాళ్ల ఫొటోలు వరుసగా ఉంటే ఇక్కడ పెట్టగలరా? ఆ వరుస ఎక్కడా తెగదన్నది నేను కళ్లారా చూడాలి.