క్యాష్ ఆన్ డెలివరీ తీసేస్తే డ్రాప్‌షిప్పింగ్ నిలబడుతుందా?

కొత్తకొట్టు: సరుకు మన దగ్గర ఉండదు. సైట్లో ఆర్డర్ పడితే సప్లయరే కస్టమర్‌కి పంపుతాడు, రేటులో తేడా మనది. సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) ఉంచితే రిటర్నులు, తీసేస్తే ఆర్డర్లే రావంటున్నారు. ఏది మేలు?

పద్దుపుస్తకం: తీసేయండి. రేటు 799, సరుకు 250, కొరియర్ 80, వెనక్కొస్తే ఇంకో 70, యాడ్ ఖర్చు ఆర్డర్‌కి 180 అనుకుందాం. 100 పంపితే 30 తిరిగొచ్చాయి. చేతికొచ్చింది 55,930, ఖర్చు 45,600. 10,330 మిగిలిందని సంబరపడొద్దు, 799లో 18 శాతం జీఎస్టీ దాక్కుని ఉంది. సప్లయర్ బిల్లులో మనం కట్టేసిన జీఎస్టీ క్రెడిట్‌గా పోను ఇంకా 5,860 దాకా కట్టాలి. మిగిలేది 4,470. తిరిగొచ్చేవి 40 అయితే ఎదురు 900 పడుతుంది. అదీ సప్లయర్ సరుకు వెనక్కి తీసుకుంటేనే!

బేగంబజార్ బాబాయ్: లెక్క సరే, తీర్పే తొందరపాటండీ. పేరు తెలియని సైటుకి ముందే 799 ఎవరు కొడతారు? యూపీఐలో 99 అడ్వాన్స్ తీసుకోండి, మిగతా 700 గుమ్మం దగ్గర. ఊరికే నొక్కేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఆర్డర్ పడిన గంటలోపు వాట్సాప్‌లో ల్యాండ్‌మార్క్ అడగండి. డెలివరీ కానివాటి రిపోర్ట్ రోజూ సాయంత్రం చూడాలి. ‘కస్టమర్ వద్దన్నారు’ అని రాసినవాటిలో కొన్నింటికి బాయ్ అసలు వెళ్లే ఉండడు. ఆ పూటే కస్టమర్‌కి ఫోన్ చేసి రీఅటెంప్ట్ (మళ్లీ డెలివరీకి వెళ్లడం) పెట్టించండి.

పద్దుపుస్తకం: 99కి ఒప్పుకుంటా. కానీ ఆ 80 కొరియర్ కూడా నమ్మకండి. ఉదాహరణకి 400 గ్రాముల లైటుని సప్లయర్ చేతికందిన 30×20×15 సెంటీమీటర్ల పెట్టెలో పడేస్తాడు. కొరియర్ వాళ్లు పెట్టె సైజుని కూడా బరువుగా లెక్కేస్తారు: మూడు కొలతలు గుణిస్తే వచ్చే 9,000ని 5,000తో భాగిస్తే 1.8 కిలోలు. అరకిలో స్లాబుల్లో 2 కిలోల చార్జీ పడుతుంది. పెట్టె కొలతలు ముందే రాయించుకోండి.

జీఎస్టీ గురువు: ఇద్దరూ ఒకటి వదిలేశారు. వేరే రాష్ట్రానికి పార్శిల్ వెళ్తే చిన్న వ్యాపారులకిచ్చే టర్నోవర్ పరిమితి పనికిరాదు, మొదటి అమ్మకం నుంచే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇక సప్లయర్ తన బిల్లే పార్శిల్లో పెట్టాడనుకోండి, 799 ఇచ్చిన మనిషి లోపల 250 చూస్తాడు. అమెజాన్‌లోనైతే ప్యాకింగ్ స్లిప్ మీద వేరేవాళ్ల పేరుండటమే రూల్‌కి విరుద్ధం.

కొత్తకొట్టు: 99 పెడితే ఆర్డర్లు ఎంత తగ్గుతాయి గారూ?

బేగంబజార్ బాబాయ్: సరుకుని బట్టి. ఒకే యాడ్‌కి 99 అడ్వాన్స్ ఉన్న పేజీ ఒకటి, లేనిది ఒకటి పెట్టి, వచ్చేవాళ్లని సగం సగం పంపండి. ఆర్డర్లు కాదు, డెలివరీ అయినవే లెక్కపెట్టండి.