చోకెకిరావ్‌కి కేబుల్ కార్ పడాలా, వద్దా?

దారినపోయే దానయ్య:
మా వాట్సాప్ గ్రూపులో తెగని గొడవ ఇది. అక్కడ పరువు పోయేలా ఉందని ఇక్కడికి తెచ్చా.

పెరూ అనగానే అందరూ మాచు పిచ్చు అంటారు. అదున్న కుస్కో ప్రాంతంలోనే చోకెకిరావ్ అని ఇంకో ఇన్కా పట్టణం ఉంది (ఇన్కాలంటే స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలినవాళ్లు), ఇప్పుడు శిథిలాలే. మాచు పిచ్చుకి 1911లో ప్రపంచ ప్రచారం తెచ్చిన అమెరికా అన్వేషకుడు హైరమ్ బింగమ్, అంతకు రెండేళ్ల ముందే చోకెకిరావ్‌కి వచ్చి వెళ్లాడు. ఈ పట్టణం అపూరిమాక్ నది లోయకు పైన, సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. రోడ్డు లేదు, రైలు లేదు. లోయ అంచున కపులియోక్ అనే చోట దాదాపు 2,900 మీటర్ల నుంచి నది దాకా, అంటే 1,500 మీటర్లకు దిగాలి. వంతెన దాటి మళ్లీ అంతా ఎక్కాలి. చూశాక అదే దారిన వెనక్కి.

ఈ లోయ మీదుగా కేబుల్ కార్ వేస్తామని పదేళ్లకు పైగా అంటూనే ఉన్నారు. 2013 ప్రాంతంలో గంటకు 400 మందిని, పావుగంట ప్రయాణంతో దాటించే ప్లాన్ కూడా బయటికొచ్చింది. పని మాత్రం జరగలేదు. జరగకపోవడమే మంచిదని నా వాదన. అంత కష్టపడి చేరుకుంటేనే ఆ చోటికి విలువ. మీరేమంటారు?

మోకాళ్లనొప్పి:
భలే. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకి చరిత్ర, మిగతావాళ్లకి యూట్యూబ్.

తిరుమలకి 1944లో ఘాట్ రోడ్డు వేశారు. అలిపిరి మెట్లు మూసేశారా? ఇవాళ్టికీ మొక్కున్నవాళ్లు మెట్లెక్కుతున్నారు, ముసలివాళ్లు బస్సెక్కుతున్నారు, దర్శనం ఇద్దరికీ అవుతోంది. కష్టపడితేనే విలువ అనుకునేవాళ్లని కష్టపడొద్దని ఎవరన్నారు? మీరు నడవండి. పక్కవాడు కూడా నడిచి తీరాలనడమే నాకు నచ్చలేదు.

చికాగో చిన్నోడు:
మోకాళ్లనొప్పి గారి మాటే నాదీ. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనవాళ్లకి పెరూ వీసా అక్కర్లేదని తెలిసినప్పటి నుంచీ మా అమ్మ పోరుతోంది. ఆవిడ చేత ఆ లోయ దిగించగలనా?

అపూరిమాక్ రిటర్న్:
ఆ దారిలో నడిచొచ్చాను కాబట్టి నాలుగు ముక్కలు.

దిగడమే అసలు కష్టం. పైన స్వెటర్ వేసుకుని బయల్దేరతాం, నది దగ్గరికొచ్చేసరికి విజయవాడ మే నెల. చిన్న చిన్న ఈగలు మోచేతుల వెనక, పిక్కల మీద కుడతాయి. అప్పుడు తెలీదు, రాత్రికి ఎర్రటి దద్దుర్లు. అవతలి ఒడ్డున ఎక్కేటప్పుడు వెనక గంటల చప్పుడు వినపడితే కొండవైపుకి ఒదిగి నిలబడాలి, కంచర గాడిదలు వస్తున్నాయని అర్థం. లోయవైపు నిలబడ్డామా, మూటల తోపుడికి మనం కిందికే. ఆ గాడిదలను తోలేవాళ్లని అర్రియేరోలంటారు. గ్యాస్ సిలిండర్ దగ్గర్నుంచి బీరు సీసా దాకా పైకి చేరేది వాళ్ల వల్లే.

పైన శిథిలాలకి కాస్త ముందు మరంపాటా అని చిన్న ఊరు. కొన్ని కుటుంబాలు. టెంటుకి చోటిస్తారు, సూప్ పెడతారు, చన్నీళ్ల స్నానానికీ డబ్బు తీసుకుంటారు. ఇద్దరు ముగ్గుర్ని కేబుల్ కార్ గురించి అడిగాను. ఒకావిడ "రానీండి, మా పిల్లలకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చు" అంది. ఆవిడ మరిది గాడిదలు తోలతాడు. అతను మాట్లాడలేదు, గడ్డి కోసుకుంటూ ఉండిపోయాడు.

అందుకని దానయ్య గారూ, కష్టపడితేనే విలువ అన్న మాట మనకి బాగుంటుంది. అక్కడ కాపురం ఉండేవాళ్లకి అది పర్యాటకుల ముచ్చట. అయినా నేను కేబుల్ కార్‌కి వ్యతిరేకమే. కారణం వేరే, దాని పేరు కువెలాప్.

కువెలాప్ ఉత్తర పెరూలోని కొండకోట. ఇన్కాలది కాదు, వాళ్లకంటే ముందు నుంచీ ఉన్న చచపోయా ప్రజలది. 2017లో అక్కడ కేబుల్ కార్ పెట్టారు, పెరూలో అదే మొదటిది. జనం పెరిగారు, అందరూ చప్పట్లు కొట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆ కోట బయటి గోడలో ఒక భాగం కూలింది. కోటని కొన్నాళ్లు మూసేశారు.

మోకాళ్లనొప్పి:
గోడ కూలింది వానలకండీ. నీళ్లు గోడ లోపలికి దిగి, మట్టి ఉబ్బి కూలింది. కేబుల్ కార్ వెళ్లి దాన్ని గుద్దలేదు కదా!

అపూరిమాక్ రిటర్న్:
నేనూ గుద్దిందనలేదు. జనాన్ని పైకి చేర్చే ఏర్పాటు ముందు జరిగింది, గోడలోంచి నీళ్లు బయటికి పోయే ఏర్పాటు వెనకబడింది. తీగ మీద పెట్టె వెళ్తుంటే రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగొచ్చు. గోడ వెనక కాలవ బాగుచేస్తే ఎవడు ఫొటో తీస్తాడు?

చోకెకిరావ్‌లో సంగతి ఇంకా సున్నితం. కట్టడాల్లో బయటపడింది మూడో వంతు దాకానే అంటారు, మిగతాదంతా అడవి కిందే ఉంది. నిటారు వాలులో ఉన్న మెట్ల పొలాల గోడల్లో తెల్లరాళ్లు పొదిగి లామా బొమ్మలు చేశారు. నల్లటి పలక రాళ్ల మధ్య తెల్ల లామాలు, వరసగా కొండెక్కుతున్నట్టు, ఇరవైకి పైనే. అవి బయటపడిందే ఈ శతాబ్దంలో. వాటిని చూడాలంటే ఆ గోడల పక్కనున్న ఇరుకు మెట్ల మీదే దిగాలి. అక్కడ ఒక్క రాయి కదిలినా పైవరస ఉంటుందా?

లెక్కల మాస్టారు:
గంటకు 400, రోజుకి ఎనిమిది గంటలు వేసుకున్నా 3,200 మంది. మాచు పిచ్చులో రోజువారీ పరిమితి మామూలు రోజుల్లో 4,500, రద్దీ రోజుల్లో 5,600. ప్రపంచమంతా తెలిసిన చోటికే ఆ సంఖ్య మీద ఏడాది పొడుగునా గొడవ. ఇప్పుడు రోజంతా పదుల్లో మనుషులు కనపడే చోటికి వేలల్లో దింపుతామంటే, పైన మరుగుదొడ్ల లెక్క ముందు చెప్పమనండి.

ఇంకో మెలిక ఉంది. శిథిలాలున్నది కుస్కో పరిధిలో. కచోరా అనే ఊరి వైపు నుంచి జనం నడక మొదలుపెట్టేది పక్క ప్రాంతం పరిధిలో, దాని పేరూ నది పేరే, అపూరిమాక్. మధ్యలో నదే సరిహద్దు. కేబుల్ కార్ కోసం గట్టిగా పట్టుబట్టింది అపూరిమాక్ వాళ్లు, ఎందుకంటే స్టేషన్ వాళ్ల వైపు పడుతుంది. చర్చలో సగం పురావస్తు శాస్త్రం కాదు, టికెట్ డబ్బులు.

మూటలమోత:
నడకని పుణ్యకార్యంలా మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట. మాచు పిచ్చుకి వెళ్లే అసలు ఇన్కా ట్రయిల్ మీద గాడిదల్ని రానివ్వరు, దారి రాళ్లు పాడవుతాయని. మరి టెంట్లు, కుర్చీలు, పొయ్యి, గుడ్లు మోసేదెవరు? పోర్టర్లు. 4,215 మీటర్ల కనుమ మీదుగా, కొందరు మామూలు చెప్పులతో. మనం దారి పక్కన ఆయాసపడుతూ కూర్చుంటే వాళ్లు మూటతో పరుగెడుతూ దాటిపోతారు. ఒక మనిషికి 20 కిలోలే అని పరిమితి వచ్చింది కూడా 2000ల మొదట్లో చట్టం చేశాకే. అంతకుముందు దానికి రెట్టింపు మోయించిన రోజులున్నాయి. కేబుల్ కార్ వద్దనే ముందు, మన నడక ఎవరి వీపు మీద సాగుతోందో కూడా చూడాలి.

దారినపోయే దానయ్య:
మోత గారి మాట నిజమే, కానీ దాన్లోంచే నా పాయింట్ ఇంకోటి తీస్తా. ఇన్కా ట్రయిల్‌కి రోజుకి 500 మందే, పోర్టర్లూ గైడ్లూ కలిపి. ఫిబ్రవరి మొత్తం మూసేసి దారి బాగుచేస్తారు. అంటే పరిమితి పెట్టడం, ఆపడం పెరూ వాళ్లకి చేతకాని పనేం కాదు. కానీ కోట్లు పోసి కట్టిన కేబుల్ కార్‌ని ఏడాదిలో ఒక నెల ఆపమంటే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? కట్టాక దాని అప్పు తీరాలి, అప్పు తీరాలంటే పెట్టెలు నిండాలి. నా భయం అదీ.

మోకాళ్లనొప్పి:
ఇది వినదగ్గ భయం. "కష్టపడితేనే విలువ" కంటే వెయ్యి రెట్లు నయం. అయితే టైమ్ స్లాట్లు పెట్టి, రోజుకి 300 మందికి మించకుండా, అందులో సగం వయసు మళ్లినవాళ్లకి, నడవలేనివాళ్లకి కేటాయిస్తే ఒప్పుకుంటారా?

దారినపోయే దానయ్య:
ఆ 300 ఏటా పెరగదని రాసిస్తే ఒప్పుకుంటా. ఎవరు రాసిస్తారు?

మోకాళ్లనొప్పి:
అదే మాట మీద ఏదీ కట్టొద్దంటే మన ఊళ్లో బస్టాండు కూడా ఉండదు సార్.

చికాగో చిన్నోడు:
మీరు కొట్టుకోండి. మా అమ్మ సంగతి ఎవరైనా చెప్పండి ముందు.

అపూరిమాక్ రిటర్న్:
బ్రదర్, అమ్మగారికి చోకెకిరావ్ వద్దు. కుస్కో 3,400 మీటర్లు, మాచు పిచ్చు 2,430 మాత్రమే. దిగగానే కుస్కోలో ఉండకుండా ముందు కిందనున్న ఉరుబాంబా లోయకి తీసుకెళ్లి రెండు రాత్రులు ఉంచండి, తలనొప్పి, ఆయాసం తగ్గుతాయి. బీపీ, గుండె మందులు వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. ఒయాంటాయ్‌టాంబో, పిసాక్ రెండూ ఇన్కా కట్టడాలే, కారు వాటి దగ్గరి దాకా పోతుంది. పిసాక్‌లో పై గేటు వైపు దింపమనండి, కింద నుంచి ఎక్కక్కర్లేదు. ఒయాంటాయ్‌టాంబో నుంచి మాచు పిచ్చుకి రైలు, తర్వాత బస్సు. లోపల మెట్లు తప్పవు, చేతికర్ర పట్టుకెళ్లండి, కింద రబ్బరు తొడుగు ఉండాలి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. మే నుంచి సెప్టెంబరు లోపల పెట్టుకోండి, డిసెంబరు సెలవలంటే వానలే.