ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెకు కొత్త రంధ్రం వేసిన తరువాత పాత సర్టిఫికెట్ చెల్లుతుందా?

ప్రశ్న:

హైడ్రోజన్ వెలువడే అవకాశమున్న జోన్ 1 (మామూలుగా పని జరిగేటప్పుడే అప్పుడప్పుడు పేలుడు వాయువు చేరగల) ప్రాంతంలో మేము వాడుతున్న ఒక ఫ్లేమ్‌ప్రూఫ్ జంక్షన్ బాక్సుకు, అదనపు కేబుల్ కోసం కాంట్రాక్టరు మనుషులు పక్క గోడలో రంధ్రం వేసి, మరలు (థ్రెడ్లు) కోసి, సర్టిఫికెట్ ఉన్న గ్లాండునే (కేబుల్‌ను పెట్టెకు బిగించే భాగాన్నే) బిగించారు. మెగ్గర్‌తో 500 వోల్టుల వద్ద ఇన్సులేషన్ పరీక్షిస్తే రీడింగు బాగా వచ్చిందని, పెట్టెకూ గ్లాండుకూ విడివిడిగా సర్టిఫికెట్లు ఉన్నాయి కనుక ఇబ్బంది లేదని వారంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. పెట్టె మీద ఉన్న ఐఐసీ (హైడ్రోజన్ వంటి వాయువుల వర్గం), టీ6 (ఉపరితల ఉష్ణోగ్రత తరగతి) గుర్తులను ఇంకా నమ్మవచ్చా?

మొదటి సమాధానం:

నమ్మకూడదు. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె వాయువును లోపలికి రానివ్వదని చాలామంది అనుకుంటారు, కానీ వాయువు లోపలికి చేరుతుందని, అక్కడ పేలుతుందని ముందే ఒప్పుకొని దానిని తయారుచేస్తారు. ఐఐసీ పెట్టెను పరీక్షించేటప్పుడు లోపల హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటి వాయు మిశ్రమాలను నింపి మండించి, పుట్టిన గరిష్ఠ పీడనాన్ని కొలుస్తారు. సాధారణంగా దానికి ఒకటిన్నర రెట్ల పీడనాన్ని పెట్టె తట్టుకోవాలి. ఆపైన పెట్టె చుట్టూ కూడా పేలుడు మిశ్రమాన్ని నింపి, లోపల మళ్లీ మండించి, మంట బయటి మిశ్రమానికి అంటుకోవడం లేదని పదేపదే చూస్తారు. అతుకుల సన్నని సందుల గుండా వెళ్లేటప్పుడు వేడి వాయువులు చల్లబడతాయి కాబట్టే మంట బయటికి రాదు. హైడ్రోజన్ విషయంలో, ప్రామాణిక పరీక్షలో మంట దాటలేని సందు 0.29 మి.మీ. మాత్రమే. మెగ్గర్ వీటిలో దేనినీ చూడదు, తీగల ఇన్సులేషన్‌ను మాత్రమే చెబుతుంది. పరీక్షకు వెళ్లిన నమూనా పెట్టెలో ఆ రంధ్రం లేదు, కనుక ఆ ఫలితం మీ పెట్టెకు వర్తించదు.

రెండవ సమాధానం:

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక చిన్న సవరణ. కొందరు తయారీదారుల సర్టిఫికెట్లలో ఏ గోడకు ఎన్ని రంధ్రాలు, ఏ పరిమాణంలో, ఎంత ఎడంతో వేయవచ్చో ముందే రాసి ఉంటుంది. అప్పుడు కూడా ఆ పని తయారీదారు గానీ, వారు అనుమతించిన వర్క్‌షాపు గానీ చేయాలి. సర్టిఫికెట్ నంబరు చివర ఎక్స్ అక్షరం ఉంటే ప్రత్యేక షరతులున్నట్లు లెక్క, వాటిని తప్పక చదవండి. టీ6 అంటే పెట్టె ఉపరితలం 85 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అర్థం, అందువల్ల కొత్త కేబుల్ మోసే కరెంటుతో పెరిగే వేడిని కూడా లెక్కించాలి. ఆ మెగ్గర్ పరీక్ష గురించీ అడగండి: అది కూడా నిప్పురవ్వ పుట్టించగలదు, కాబట్టి అక్కడ వాయువు లేదని డిటెక్టరుతో నిర్ధారించుకుని, అనుమతి పత్రం తీసుకున్నాకే చేయాల్సిన పని.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. సర్టిఫికెట్ డ్రాయింగులో ఆ గోడకు రంధ్రమే లేదు. సరఫరా ఆపి గ్లాండు విప్పి చూస్తే నాలుగు మరలే పట్టి ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్న ప్లగ్గుతో ఆ రంధ్రాన్ని మూసేస్తే సరిపోతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

సరిపోదు. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60079-1 ప్రకారం కనీసం ఐదు మరలు పూర్తిగా పట్టాలి, 100 ఘన సెంటీమీటర్లకు మించిన పెట్టెలో ఆ పట్టు 8 మి.మీ. కంటే తగ్గకూడదు. ప్లగ్గు కూడా ఆ నాలుగు మరల మీదే నిలవాలి కదా. సరఫరాను అలాగే ఆపి ఉంచి, కావలసినన్ని రంధ్రాలు తయారీదారే వేసి ఇచ్చిన కొత్త పెట్టెను బిగించండి.