పునరుద్ధరణ పనులు సాగుతుండగా తీసిన ఫోటోలను ప్రజల ముందు ఉంచాలా?

గవాక్షం (చర్చ ప్రారంభం):
చారిత్రక ప్రభుత్వ భవనాలను పునరుద్ధరించినప్పుడు మనకు సాధారణంగా పని పూర్తయ్యాక తీసిన చక్కటి ఫోటోలే కనిపిస్తాయి. గార ఊడదీసిన గోడలు, పుచ్చిపోయిన దూలాలు, తుప్పుపట్టిన ఇనుము కనిపించే మధ్య దశ ఫోటోలు చాలా వరకు ఫైళ్లలోనే ఉండిపోతాయి. వాటిని అందరికీ చూపించాలని కొందరూ, భద్రత దృష్ట్యా వద్దని కొందరూ వాదిస్తున్నారు. సభ్యులు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా తెలియజేయగలరు.

సున్నపుగార:
చూపించి తీరాలన్నదే నా అభిప్రాయం. పని ముగిశాక భవనాన్ని చూసి అందులో ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. అమెరికా అధ్యక్షుల నివాసమైన వైట్‌హౌస్ ఇందుకు మంచి ఉదాహరణ. లోపలి కట్టడం ప్రమాదకరంగా బలహీనపడిందని తేలడంతో, అధ్యక్షుడు ట్రూమన్ హయాంలో 1949-1952 మధ్య వెలుపలి రాతి గోడలను నిలిపి ఉంచి, లోపలి భాగాన్ని దాదాపు పూర్తిగా తొలగించి, కొత్త పునాదుల మీద ఉక్కు చట్రంతో మళ్లీ కట్టారు. ఈనాడు ఆ భవనం ఎదుట నిలబడి చూసేవారికి ఈ సంగతి ఏ మాత్రం తెలియదు. నేషనల్ పార్క్ సర్వీస్ ఫోటోగ్రాఫర్ ఆబీ రో ఆ పనులు జరుగుతుండగా తీసిన ఫోటోలలో మాత్రం అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గదులూ అంతస్తులూ లేకుండా బోలుగా మిగిలిన గోడలు, వాటి నడుమ నిలిపిన ఉక్కు ఆధారాలు, అడుగున మట్టి తీస్తున్న బుల్‌డోజర్ వాటిలో ఉన్నాయి. దేశాధినేత నివాసం లోపలి భాగాన్నే ఇలా చూడగలుగుతున్నప్పుడు, ఒక పాత సచివాలయం గోడకు వేసిన గారను దాచిపెట్టడానికి కారణమేమిటో నాకు అర్థం కావడం లేదు. పునరుద్ధరణలో ప్రతి దశనూ చిత్రాలతో, ఫోటోలతో నమోదు చేసి, ఆ నివేదికను ప్రజాసంస్థలో భద్రపరచాలని, వీలైతే ప్రచురించాలని చారిత్రక కట్టడాల సంరక్షణపై రూపొందిన అంతర్జాతీయ ఒప్పంద పత్రమైన 1964 నాటి వెనిస్ చార్టర్ 16వ అధికరణమే చెబుతోంది.

తూకంరాయి:
మీరు చెప్పిన ఉదాహరణ నా వాదననే బలపరుస్తున్నదని మనవి. ఆబీ రో ప్రభుత్వ ఉద్యోగిగా, అనుమతితో ఆ ఫోటోలు తీశారు. పరంజా సందుల్లోంచి ఎవరికి తోచినట్టు వారు ఫోన్లతో తీసి, అప్పటికప్పుడు లోకమంతటికీ చూపించడం అందుకు పూర్తిగా భిన్నమైన పని. కేబుళ్లు ఎటు వెళుతున్నాయో, ఏ తలుపు వెనుక ఏముందో బయటపడితే, భవనం తిరిగి వాడుకలోకి వచ్చాక కూడా ఆ ముప్పు తొలగదు.

ఇంకొక విషయం. ఫోటోను తిరుగులేని సాక్ష్యంగా భావించడమే పొరపాటు. 19వ శతాబ్దపు గాజు ప్లేట్లు ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి కనుక, వాటిలో నీలం పాలిపోయి తెల్లగానూ, ఎరుపు నల్లగానూ కనిపించేవి. లండన్‌లో బిగ్ బెన్‌గా పేరొందిన ఎలిజబెత్ టవర్ గడియారం ముళ్లనూ అంకెలనూ జనం దశాబ్దాల పాటు నల్లగానే చూశారు. 2017లో మొదలై 2022లో ముగిసిన పునరుద్ధరణ సమయంలో రంగు పొరలను పరీక్షించాకే వాటి తొలి రంగు ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం) అని నిర్ధారణ అయింది. దాన్ని తేల్చింది పొరల పరీక్షే తప్ప పాత ఫోటోలు కావు. పైగా సగం ఊడదీసిన గోడ ఫోటో చూసినవారు, అక్కడ మరమ్మతు జరుగుతున్నదని గ్రహించకుండా, విధ్వంసం జరుగుతున్నదనే అనుకుంటారు.

సున్నపుగార:
భద్రత గురించి మీరు చెప్పినదాన్ని కొంతవరకు అంగీకరిస్తాను. వైరింగు, తాళాలు, నిఘా ఏర్పాట్లు కనిపించే ఫోటోలను ఆపి ఉంచడంలో తప్పు లేదు. కానీ సున్నానికీ రాతికీ కలపకూ ఏ రహస్యమూ లేదు.

రంగు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. గోడ మీద అరచేతి వెడల్పున ఒక్కో పూతనూ మెట్టు మెట్టుగా గీరి, అడుగు పొర దాకా తేల్చి, పక్కన స్కేలునూ, రంగులను సరిపోల్చే కలర్ కార్డునూ ఉంచి ఫోటో తీస్తారు. కాంతిని గోడకు దాదాపు సమాంతరంగా పక్క నుంచి పడేలా చేస్తే, ఎదురుగా చూసినప్పుడు కంటికి ఆనని ఉబ్బులూ పాత అతుకులూ నీడలతో సహా బయటపడతాయి. ఆ తర్వాత కొత్త పూత పడుతుంది, ఆ మెట్లు కనుమరుగవుతాయి. పరీక్ష చేసినవారి నిర్ణయం సరైనదో కాదో రేపు మరొకరు పరిశీలించాలంటే, దాచి ఉంచిన నమూనాలతో పాటు ఆ ఫోటోలే ఆధారం. అపోహలు తొలగాలంటే ప్రతి ఫోటో కింద తేదీ, స్థలం, అక్కడ జరుగుతున్న పని రాయాలి.

ఫ్రాన్స్‌లో 1851లోనే ప్రభుత్వ కమిషన్ ఐదుగురు ఫోటోగ్రాఫర్లను పంపి, మరమ్మతు అవసరమైన కట్టడాలను చిత్రీకరింపజేసింది. ఆ చిత్రాలను అప్పట్లో ప్రచురించకుండా భద్రపరచి ఊరుకున్నారు. అంత ముందుచూపుతో చేసిన పని ఆనాటి ప్రజలకు ఉపయోగపడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

రాతిమెట్టు:
ఇద్దరికీ ఒక ప్రశ్న. వీటిని ఎప్పుడు విడుదల చేయాలి?

సున్నపుగార:
పరంజా విప్పకముందే విడుదల చేయాలి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తున్నారని ఎవరైనా గుర్తించినా, గోడలోని తేమ బయటకు పోయే దారి మూసుకుపోయి రాయి పెచ్చులూడక ముందే దాన్ని సరిదిద్దే అవకాశం ఉండేది అప్పుడే.

తూకంరాయి:
అధికారిక ఫోటోగ్రాఫర్ తీసినవాటిని, సంరక్షణ నిపుణులు చూసి వివరణ రాశాక, పని జరుగుతుండగానే విడుదల చేయడానికి నాకు అభ్యంతరం లేదు. బయటివారిని కెమెరాలతో పరంజా ఎక్కనివ్వడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.