పరిశోధనకు రక్తమిచ్చినవారికి జన్యు ఫలితం చెప్పాలా?

వేపచెట్టు:
మా నాన్నకు హంటింగ్టన్ వ్యాధి, మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు. అంటే నాకు వచ్చే అవకాశం సగానికి సగం. పరిశోధనకు రక్తమిచ్చాను. సంతకం చేసిన కాగితంలో ఫలితం నాకు తెలియజేయరని రాసి ఉంది. రక్తం నాది, జన్యువు నాది. వాళ్లకు తెలిసి నాకు తెలియకపోవడం ఏ న్యాయం?

నిదానం:
మీ కోపం అర్థమైంది కానీ ఆ కాగితంలో తప్పు లేదు. నాలుగో క్రోమోజోమ్ మీద ఈ జబ్బుకు కారణమైన జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల డీఎన్ఏ ముక్క వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో వాళ్లు లెక్కిస్తారు. 40 దాటిందంటే, ఆయుష్షు ఉన్నవాడికి జబ్బు రాక తప్పదు. ఆపే మందు లేదు. అలాంటి అంకెను ఉత్తరంలో పెట్టి పంపుతారా? పైగా పరిశోధన నమూనాలకు పేర్లుండవు, సంకేత సంఖ్యలే ఉంటాయి. తెలుసుకోవాలనుకుంటే జన్యు సలహాదారుతో మాట్లాడి విడిగా పరీక్ష చేయించుకోండి. ఆ దారి ఎవరూ మూయలేదు.

వేపచెట్టు:
వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ జబ్బు ఎక్కువగా ఉన్న కుటుంబాలు ఇచ్చిన రక్తం వల్లే కదా 1983లో జన్యువు జాడ దొరికింది, 1993లో జన్యువే దొరికింది! వాళ్లకు దక్కిందేమిటి? ఇచ్చేవాళ్లం ఎప్పుడూ ఇచ్చేవాళ్లంగానే మిగలాలా?

జాబిలి:
వేపచెట్టు గారూ, మరకైబో వాళ్ల విషయంలో మీతోనే ఉన్నాను. ఫలితం దగ్గరే తేడా. మా తాతయ్యకు ఈ జబ్బు. అమ్మ పరీక్ష వద్దంటుంది. నాకున్న అవకాశం పాతిక శాతం. నాకు ఉందని తేలితే, అమ్మకూ ఉందని తేలిపోయినట్లే. నోరు విప్పకపోయినా నా ముఖం చూసి కనిపెట్టేస్తుంది. మరకైబో పరిశోధనను ముందుండి నడిపిన నాన్సీ వెక్స్లర్ తల్లి కూడా ఈ జబ్బుతోనే పోయారు. తనకూ ఉందని వెక్స్లర్ 2020లో గానీ లోకానికి చెప్పలేదు. అంత తెలిసినవారికే అంత కాలం పట్టింది.

వేపచెట్టు:
మీ అమ్మగారి సంగతి నాకు తట్టలేదు. నా ఫలితం వల్ల మా చెల్లెలిది బయటపడదు, అందుకే తేలికగా మాట్లాడానేమో. సలహాదారును కలుస్తాను. ఆ కాగితం మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది: 'చెప్పం' అని కాక, 'తెలుసుకోవాలని ఉందా?' అని అడిగి ఉండాల్సింది.