వంటలో వైన్: ఉప్పు, చక్కెర రెండూ తగ్గించాలంటే ఏది కొనాలి?

ప్రశ్న:
మా నాన్నగారికి గుండె జబ్బు, షుగరు రెండూ ఉన్నాయి. రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదని డాక్టరుగారు చెప్పారు. ఉప్పు తగ్గించినప్పటి నుంచీ ఏది వండినా చప్పగా ఉందని సగంలోనే లేచిపోతున్నారు. వైన్ పోసి ఉడికిస్తే రుచి వస్తుందని తెలిసినవాళ్లు చెబితే, ‘కుకింగ్ వైన్’ అని రాసి ఉన్న సీసా కొన్నాను. పుట్టగొడుగుల సాస్‌లో ఒక కప్పు పోశాను, చిటికెడు ఉప్పు కూడా వేయలేదు. నాన్నగారు స్పూనుతో రుచి చూసి, "ఇవాళ ఉప్పు వేశావా అమ్మా?" అని ఎంతో సంతోషంగా అడిగారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. అసలు ఏ వైన్ వాడాలి? ఉడికితే అందులోని ఆల్కహాల్ మొత్తం పోతుందా?

మొదటి జవాబు:
ముందు ఆ సీసా వెనక లేబుల్ చదవండి. ఉప్పు కనిపిస్తుంది చూడండి. ఎవరూ తాగకుండా, త్వరగా పాడవకుండా ఉండాలని కుకింగ్ వైన్‌లో ఉప్పు కలుపుతారు. 1.5 శాతం ఉప్పున్న సీసా అయితే 250 మిల్లీలీటర్లలోనే సుమారు 1,500 మిల్లీగ్రాముల సోడియం వచ్చేస్తుంది. అంటే మీ నాన్నగారికి చెప్పిన రోజు పరిమితిలో ముప్పాతిక వంతు! మామూలుగా తాగే వైన్‌లో అయితే 100 మిల్లీలీటర్లకు సాధారణంగా 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. మా ఆయనకు బీపీ వచ్చినప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ‘కుకింగ్’ అన్న మాట కనిపిస్తే ఆ సీసా ముట్టుకోకండి.

చక్కెర విషయానికొస్తే, ‘డ్రై’ అని ఉన్నదే తీసుకోండి. యూరప్ నిబంధనల ప్రకారం డ్రై వైన్‌లో లీటరుకు 4 గ్రాముల చక్కెర ఉండొచ్చు, పులుపు బాగా ఉంటే 9 దాకా ఒప్పుకుంటారు. స్వీట్ అంటే 45, ఆపైన. సాస్ చిక్కబడేటప్పుడు ఆవిరయ్యేది నీళ్లూ ఆల్కహాలే. ఉప్పు, చక్కెర ఎక్కడికీ పోవు. 250 మిల్లీలీటర్ల డ్రై వైన్‌తో ఒకటి రెండు గ్రాముల చక్కెర వస్తే, అంతే స్వీట్ వైన్‌తో 11 గ్రాములు దాటుతుంది. పోర్ట్, స్వీట్ మార్సాలా లాంటి తియ్యటి వైన్‌లు అడిగే వంటకాలు మీకు వద్దు.

తెల్ల వైన్ రకాల్లో సావిన్యో బ్లాంక్, పినో గ్రిజియో బాగుంటాయి. ఎర్రదైతే మెర్లో లేదా పినో న్వార్. కాబెర్నే లాంటి వగరు ఎక్కువున్నవి మరిగేకొద్దీ చేదెక్కుతాయి. మిగిలిన వైన్‌ను ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, కావాల్సినప్పుడు ఒక్కో ముక్క తీసుకోవచ్చు.

రెండో జవాబు:
పైన చెప్పినదంతా సరైనదే, కానీ ఆల్కహాల్ సంగతి తేల్చుకోకుండా ఏదీ కొనకండి. ఉడికితే మొత్తం పోతుందనేది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం మిగులుతుంది. రెండున్నర గంటల తర్వాత కూడా 5 శాతం ఉంటుంది. మీ నాన్నగారు వాడే మందుల పేర్లన్నీ డాక్టరుగారికి చూపించి, వంటలో వైన్ వాడొచ్చా అని సూటిగా అడగండి. మెట్రోనిడజోల్ లాంటి మందు వాడుతున్న రోజుల్లో అయితే ఆల్కహాల్ వద్దనే చెబుతారు.

ఆల్కహాల్ తీసేసిన వైన్ తెస్తే దానిలోనూ చక్కెర ఎంతుందో చూసుకోండి, రుచి కోసం కలుపుతుంటారు.

మూడో జవాబు:
మీ ఇంట్లో గుడ్డు, పాలు తిననివాళ్లు ఉంటే ఇంకో మాట. వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, చేప నుంచి తీసిన పదార్థం వాడతారు. ‘వీగన్’ అని రాసున్నది తీసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. లేబుల్ చూశాను, ఉప్పు ఉంది. సీసా మొత్తం సింకులో పారబోశాను. డాక్టరుగారిని అడిగితే, నాన్నగారు వాడుతున్న మందులతో వైన్ అసలు వద్దన్నారు. మరి వైన్‌తో వచ్చే ఆ పులుపు రావాలంటే ఏం చేయాలి?

రెండో జవాబు ఇచ్చినవారు:
ఉప్పు లేని కూరగాయల స్టాక్ (కూరగాయలు మరిగించి వడకట్టిన నీళ్లు) ఇంట్లోనే కాచుకోండి, కొనే స్టాక్ క్యూబ్‌లలో చాలావరకు ఉప్పే ఉంటుంది. పుట్టగొడుగులు బాగా ఎర్రగా వేగాక ఆ స్టాక్ పోసి మరగనివ్వండి. దించే ముందు ఒక చెంచా వైట్ వైన్ వెనిగర్ వేయండి. మొదట్లోనే వేస్తే ఆ ఘాటు కొంత తగ్గిపోతుంది. రుచి చూశాక చాలకపోతే ఇంకో అర చెంచా వేసుకోవచ్చు.